పరిపాలనమున పాలు

అధికారమును పంచుకొనుట యన్న మాట వినగానే, ఇది మగవారి రచ్చబండ మాట, మనకేల యని ఈ పుటను త్రిప్పివేయ నెంచు సోదరీమణులు కొందఱుందురు. వారిని ఒక్క నిమిషము నిలువుమని వేడుచున్నాము. పంపకము మనకు తెలియని విద్య కాదు. ఉమ్మడి కుటుంబమున ముగ్గురు కోడండ్రు ఒకే పొయ్యి వద్ద మెలగవలసి వచ్చినప్పుడు, వంట వంతు ఏనాడు ఎవరిది, సామానుగది తాళముచెవి ఎవరి కొంగున నుండవలెను, పెద్దకోడలు పుట్టింటి కేగినప్పుడు పాలు పెరుగుల లెక్క ఎవరు చూడవలెను, ఇవి యన్నియు రాజ్యాంగ ప్రశ్నలే. ఏ యింట వీనికి సమాధానము ముందుగా కుదిరియుండునో ఆ యిల్లు ఒకటిగా నిలుచును. ఏ యింట "అంతయు నాకు వదలివేయుడు, మీకు లోటు రానీయను" అను పెద్దమనిషి మాటతో సరిపెట్టుకొందురో, ఆ యింట కొన్నాళ్లకు పొయ్యిలు రెండగును.

ఈ భేదమును మన భాషయే చక్కగా చూపుచున్నది. ఆడపిల్లకు పుట్టినింటివారు ఇచ్చు భూమిని "పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది" అందుము. అన్నదమ్ములు తీసికొనుదానిని "వాటా" యందుము. మొదటిది ఇచ్చువారి ప్రీతి. ఈయకున్న అడుగుటకు నోరు లేదు. రెండవది పుట్టుకతో వచ్చిన హక్కు. ఈయకున్న న్యాయస్థానము కలదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో హిందూ వారసత్వ చట్టమును సవరించి, అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానమైన భాగము కల్పించెను. దేశమంతటికి అట్టి సవరణ 2005లో గాని రాలేదు. నాటినుండి మన ఆడపిల్లలకు పసుపుకుంకుమలతో పాటు వాటాయు వచ్చినది. చట్టము వచ్చినను అడిగి పుచ్చుకొన్నవారు ఎందఱను ప్రశ్న వేఱు. దానికి మఱల వత్తము.

రాజ్యములయందును పంపకము ఈ రెండు విధములనే జరుగుచుండును. ప్రజాస్వామ్యమనగా తలలు లెక్కించుట. ఎక్కువ తలలు ఎటుండిన అటే తీర్పు. ఒకే భాష, ఒకే ఆచారము, ఒకే బ్రతుకుతెరువు గల చోట నేడు ఓడినవారు రేపు గెలువవచ్చును. అందుచే ఎవరికిని బాధ లేదు. అనేక భాషలు, మతములు, కులములు, ప్రాంతములు కలిసియున్న సంఘమున అట్లు కాదు. అచ్చట తక్కువ తలలవారు ఎన్నికకు ఎన్నిక ఓడుచునే యుందురు. ఎన్నడును గెలువలేని ఆటను ఎవరెంతకాలము ఆడుదురు? కావున అట్టి సంఘములలో బలహీనులకు ముందుగానే కొన్ని స్థానములు, కొంత ధనము, కొన్ని నిర్ణయములపై అదుపు కేటాయించి యుంచుదురు. దీనినే అధికారములో వాటా యందురు. ఈ వాటా వలన రాజ్యము కలిసి నిలుచునా, లేదా యన్నది, ఆ యిచ్చినది పసుపుకుంకుమయా, నిజమైన వాటాయా యన్నదానిపై ఆధారపడియున్నదని మా యభిప్రాయము. ఇందుకు సాక్ష్యము వెదకుటకు దూరదేశముల కేగ నక్కఱలేదు. మన తెలుగునాట ఎనుబది యేండ్లకు పైబడిన చరిత్రయే కలదు.

1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగులో కోస్తా జిల్లాల నాయకులును, రాయలసీమ నాయకులును ఒక యొడంబడిక చేసికొనిరి. మదరాసు నుండి విడివడి ఆంధ్రరాష్ట్రము కావలెనని కోస్తావారు పోరుచుండగా, విడివడిన పిదప మా గతి యేమని రాయలసీమవారు సందేహించిరి. చదువున, నీటివసతిలో తమకంటె ముందున్న వారితో కలిసిన తాము అడుగున పడుదుమని వారి భయము. ఆ భయము తీర్చుటకు రాజధానియో, హైకోర్టుయో రాయలసీమ కోరుకొనవచ్చుననియు, నదీజలముల వాడకమున ఆ సీమకు కొంతకాలము మొదటి వంతనియు, వాల్తేరుతో పాటు అనంతపురమునను విశ్వవిద్యాలయ కేంద్రముండవలెననియు వ్రాసికొనిరి.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడగా కర్నూలు రాజధాని యయ్యెను. మఱుసటి యేడు గుంటూరున హైకోర్టు వెలసెను. అంతవఱకు మాట నిలిచినది. కాని 1956లో హైదరాబాదు రాజధాని కాగానే కర్నూలు వైభవము మూడేండ్లతో ముగిసెను. అనంతపురమున ప్రత్యేక విశ్వవిద్యాలయము వెలయుటకు 1981 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఒడంబడికకు అప్పటికి నలువది నాలుగేండ్లు. రాయలసీమవారు నేటికిని శ్రీబాగు పేరు తలంచుట మానలేదు. ఇచ్చినవారు మఱచిన మాటను పుచ్చుకొనవలసినవారు మఱువరు గదా.

రెండవ యొడంబడిక ఇంతకంటె పెద్దది. హైదరాబాదు రాజ్యములోని తెలంగాణమును ఆంధ్రరాష్ట్రముతో వెంటనే కలుపవలదనియు, 1961 ప్రాంతమున ఎన్నికలు జరిగిన పిదప అచ్చటి శాసనసభలో మూడింట రెండు వంతులవారు ఒప్పినచో కలుపవచ్చుననియు ఫజలాలీ సంఘము 1955లో సలహా ఇచ్చెను. అంతకాలము వేచియుండుట పలువురకు రుచింపలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర పక్షమున నలుగురు, తెలంగాణ పక్షమున నలుగురు పెద్దలు కూర్చుండి ఒక పత్రముపై చేవ్రాళ్లు చేసిరి. దానినే పెద్దమనుషుల ఒప్పందమందురు.

ఆ పత్రము నిండ మంచి మాటలే. మంత్రులు నూటికి అఱువదిమంది ఆంధ్రులు, నలువదిమంది తెలంగాణీయులు ఉండవలెను. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైన ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. హోము, ఆర్థికము, రెవెన్యూ మొదలగు ముఖ్యశాఖలు అయిదింటిలో రెండు తెలంగాణమునకు రావలెను. తెలంగాణపు ఆదాయములో మిగులు తెలంగాణపు అభివృద్ధికే వెచ్చింపవలెను. ఉద్యోగములకు పండ్రెండేండ్ల నివాసము చూడవలెను. ఆ ప్రాంతపు వ్యవసాయ భూముల అమ్మకముపై ఒక ప్రాంతీయ మండలికి అదుపుండవలెను.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. శ్రీ నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రియైరి. తొలి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రియే లేడు. ఆ పదవి చేతికి ఆఱవ వ్రేలు వంటిదని ఆయన అన్నట్లు ప్రసిద్ధి. తరువాతి కాలమున ఆ పదవి వచ్చుచు పోవుచు నుండెను. మండలి యనుకొన్నది సలహాలు చెప్పు సంఘముగా మాఱెను. మిగులు ధనము సంగతి చెప్పనే యక్కఱలేదు. మిగులు ఎంతయో, అందు ఎంత ఎచ్చట ఖర్చైనదో తేల్చుటకు 1969లో ప్రత్యేకముగా సంఘములు వేయవలసి వచ్చెను. ఇంటి పద్దు ఒకరి చేతనే యుండి, రెండవవారికి చూచు వీలు లేనప్పుడు నీ సొమ్ము భద్రముగా నున్నదన్న మాటకు విలువ యేమి?

1969లో తెలంగాణమున విద్యార్థులు వీథి కెక్కిరి. కాల్పులు జరిగినవి, ఎందఱో తల్లులకు కడుపుకోత మిగిలినది. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి పది స్థానములు గెలిచెను. అంతలో గాలి మఱొక వైపు తిరిగెను. నిజాము కాలపు ముల్కీ నిబంధనలు చెల్లునని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, మా రాజధానిలో మేమే పరాయివారమైతిమని కోస్తా, రాయలసీమ జనులు జై ఆంధ్ర యని లేచిరి. అచ్చటను ప్రాణములు పోయెను. 1973 జనవరిలో శ్రీ పి.వి. నరసింహారావు మంత్రివర్గము తొలగి రాష్ట్రపతి పాలన వచ్చెను.

ఎవరి పక్షమును వాదించుట మా యుద్దేశము కాదు. రెండు ప్రాంతముల భయములును నిజమైనవే. ఇరువురు బిడ్డలును ఆకలిగొని యేడ్చునప్పుడు ఎవరి యేడుపు గొప్పదని తల్లి తూకము వేయదు. మేము చూడగోరునది ఒక్కటే: మాట యేల నిలువలేదు?

నిలువకపోవుటకు కారణము ఆ పత్రములోనే కలదు. పెద్దలు చేవ్రాలు చేసిరి గాని, తప్పినచో ఎవరి నడుగవలెనో బలముగా వ్రాయలేదు. ఇచ్చువాడే నిలుపవలసినవాడు, తప్పినవాడే తీర్పరి. 1973 సెప్టెంబరులో వచ్చిన ఆఱుసూత్రముల పథకము ఈ లోపమును కొంత తీర్చెను. దానిని రాజ్యాంగముననే 371-డి అధికరణముగా చేర్చిరి. 1975లో రాష్ట్రపతి యుత్తరువు ద్వారా జిల్లాలకు, మండలములకు స్థానిక యభ్యర్థుల లెక్క నిర్ణయించిరి. తగవులు తీర్చుటకు ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పిరి. పసుపుకుంకుమ వాటాగా మాఱిన ఘట్టమిది. అయినను చట్టమునకు విరుద్ధముగా నియమితులైనవారిని వెనుకకు పంపవలెనని 1985 డిసెంబరులో 610వ సంఖ్య గల యుత్తరువు తీయవలసి వచ్చెను. అదియు ఏండ్ల తరబడి కాగితమున నిదురించెను. తుదకు 2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్రమయ్యెను. పొయ్యిలు రెండయినవి. వేఱు పడుట పాపము కాదు. అన్నదమ్ములు వేఱు పడి సుఖముగా నున్న యిండ్లు లేకపోలేదు. కాని తొలినాటి మాట నిలిచియుండినచో నడుమ పోయిన ప్రాణములు మిగిలియుండును గదా యను చింత మాత్రము మానదు.

ఇతర దేశములను చూచినను ఇదే నీతి. లెబనాను దేశమున 1943లో పెద్దలు నోటిమాటగా ఒక పంపకము చేసికొనిరి. అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధానమంత్రి సున్నీ ముసల్మాను, సభాపతి షియా ముసల్మాను కావలెను. శాసనసభలో ఆఱుగురు క్రైస్తవులకు అయిదుగురు ముసల్మానులు. ఈ తూకమునకు ఆధారము 1932 నాటి జనగణన. తరువాత సమస్త జనగణన జరుగనేలేదు. జనుల తీరు మాఱినను త్రాసులోని రాళ్లు మాఱలేదు. 1975 నుండి 1990 వఱకు ఆ దేశము అంతర్యుద్ధమున కాలిపోయెను. అప్పుడప్పుడు తూచి సరిచేయని వాటాయు నిలువదని దీనివలన తెలియుచున్నది.

స్విట్జర్లాండు కథ మఱియు విచిత్రము. జర్మను, ఫ్రెంచి, ఇటాలియను, రోమాంషు అను నాలుగు భాషలవారు అచ్చట కలిసి యుందురు. ఏడుగురు మంత్రులు సమానులుగా పాలింతురు. అధ్యక్షపదవి ఏడాదికొకరి వంతు. అధికారమును పంచుకొనుటలో ఆ దేశమునే లోకము ఆదర్శముగా చూపును. అట్టి దేశమున స్త్రీలకు దేశపు టెన్నికలలో వోటు వచ్చినది 1971లో! మన దేశమున స్త్రీలు మొదటి సాధారణ ఎన్నికలలోనే, 1951-52లో, పురుషులతో సమానముగా వోటు వేసిరి. నాలుగు భాషలకు నాలుగు పీటలు వేసినవారికి ప్రతి యింటను గల రెండవ మనిషి కనబడకపోయెను.

మన పెద్దమనుషుల ఒప్పందము సంగతియు అంతే. ఆ యెనిమిదిమందిలో ఒక్క స్త్రీ లేదు. కోస్తా వాటా యెంత, తెలంగాణ వాటా యెంత యని గీటులు గీచినవారికి, రెండు ప్రాంతములలోను సగమున్నవారి వాటా యేమను ప్రశ్నయే తట్టలేదు. భారతమున ద్రౌపది నిండుసభలో అడిగిన ప్రశ్న మనకు తెలిసినదే. ధర్మరాజు తన్ను తా నోడిన పిదప నన్ను పందెమొడ్డుటకు అతని కధికారమెక్కడిదని యామె యడిగెను. అది కన్నీటి మొఱ కాదు, న్యాయప్రశ్న. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పించుకొనెను. వికర్ణుని వంటి ఒకరిద్దఱు తప్ప సభ యూరకుండెను. తరువాత పాండవులు అయిదూళ్లు చాలునన్నను సూదిమొన మోపినంత యీయనని దుర్యోధనుడు పలికినట్లు చదివి మన మాశ్చర్యపడుదుము. ద్రౌపది ప్రశ్నకు నాడే సమాధానము చెప్పియుండినచో అయిదూళ్ల బేరమే వచ్చియుండదు.

ఇక మన గ్రామములకు వత్తము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, పంచాయతీలలో మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండ స్త్రీలకు స్థానములు కేటాయించెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు వారి జనసంఖ్యను బట్టి కేటాయింపు చేసెను. 2011లో మన రాష్ట్రము స్త్రీల వంతును సగమునకు పెంచెను. ఏ పెద్దమనిషి దయయు అక్కఱలేదు. సర్పంచి కుర్చీ ఈ మాఱు స్త్రీకని జాబితా వచ్చిన పిదప ఊరి మునసబు మనుమడైనను ఆ కుర్చీలో కూర్చుండ లేడు. మా రావికమతము మండలమున, 2022 ఏప్రిల్ వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ చోడవరపు సీమలో, 2021 ఫిబ్రవరి ఎన్నికలకు స్త్రీలు నామినేషను పత్రములు పట్టుకొని వరుసలో నిలుచుట వింతగా తోపలేదు. వారి తల్లులు కలనైనను తలంపని దృశ్యమది.

అయినను చట్టములోని వాటా చేతికి వచ్చుటకు నడుమ ఒక మెట్టు కలదు. కుర్చీ భార్యది, మాట భర్తది యగు పంచాయతీలు దేశమున తక్కువ కావు. ఉత్తరాదిని "సర్పంచ్ పతి" యను మాటయే పుట్టినది. సభ జరుగుచుండగా ఆమె తలవాల్చి కూర్చుండును; ప్రక్కన నున్న భర్తయో, మఱదియో బదులు చెప్పును. నేడు పంచాయతీ చెల్లింపులు డిజిటల్ సంతకముతో జరుగుచున్నవి. ఆ సంతకపు చిన్న పరికరము తాళముచెవి కంటె పెద్దది కాదు. అది ఆమె కొంగున నున్నదా, ఆయన జేబున నున్నదా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము తెలిసిన చాలును, ఆ యూర వాటా యున్నదో, పసుపుకుంకుమ యున్నదో తెలిసిపోవును.

ఆమెకు లెక్కలు రావని కొందఱందురు. మాకు నవ్వు వచ్చును. డ్వాక్రా సంఘములలో పదిమంది అప్పులు, వాయిదాలు, వడ్డీలు తప్పు లేకుండ వ్రాయు ఇల్లాండ్రు మన పల్లెలలో ఎందఱు లేరు? ఆ పుస్తకము చదివిన కన్ను పంచాయతీ పద్దును చదువలేదా? అలవాటు లేదనుట నిజము కావచ్చును. కూర్చుండనిచ్చిననే గదా అలవాటగుట.

ఇంకొక మాట చెప్పక ఈ వ్యాసము ముగింప మనసొప్పుట లేదు. మన వాటా మన మడుగునప్పుడు మనకంటె క్రింద నున్నవారి వాటా మన చేతిలో చిక్కుకొని యున్నదేమో చూచుకొనవలెను. మా మండలమునకు పడమట కొండలు కలవు. కల్యాణపులోవ జలాశయము ఆ కొండల యొడిలోనే యున్నది. ఆ కొండ యంచుల గిరిజనుల పల్లెలున్నవి. కొండ కావల పాడేరు ప్రాంతము రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులోనిది. అచ్చట 1970 నాటి నిబంధన ప్రకారము గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కారాదు. 1996 నాటి చట్టము వలన పంచాయతీ అధ్యక్షపదవులన్నియు గిరిజనులవే. స్థానములలో సగమునకు తక్కువ కాకుండ వారివే. కొండ కీవల నున్న మా పల్లెలకు ఆ షెడ్యూలు వర్తింపదు. జనము అదే, పోడు అదే, కష్టము అదే. ఎవరో గీచిన గీటు ఒకటి నడుమ నుండుటచే ఒక చెల్లెలికి రక్ష, ఒక చెల్లెలికి లేదు. ఈ పల్లెలను షెడ్యూలులో చేర్పుడని వారు చిరకాలముగా కోరుచున్నారు. మైదానపు పెద్ద గ్రామముతో కూడిన పంచాయతీలో చిన్న గూడెమునకు దక్కునది ఒకటి రెండు వార్డులు. తలలు లెక్కించు చోట వారెప్పటికిని ఓడువారే. సగము మాదని మన మడుగునప్పుడు, ఆ సగములో గూడెపు చెల్లెలు ఎచ్చట కూర్చున్నదని కూడ అడుగుట మన ధర్మము.

2023లో పార్లమెంటు 106వ సవరణ చేసి లోక్‌సభలోను, శాసనసభలలోను స్త్రీలకు మూడింట ఒక వంతు స్థానములు నిర్ణయించెను. జనగణనయు, నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన పిదపనే అది యమలగునని చట్టములోనే వ్రాసిరి. సంతసింపదగిన మాటయే. కాని శ్రీబాగు నుండి నేటి వఱకు గల కథ తెలిసిన మనము సంతసముతో ఊరకుండరాదు. వ్రాసినది నిలుపుటకు అడుగువారుండవలెను.

అడుగుట యనగా పోరాటమని భయపడనక్కఱలేదు. గ్రామసభ చాటింపు వినబడిన నాడు వంట ఒక గడియ ముందుగా ముగించి, నలుగురు ఇరుగుపొరుగులు కలిసి పోయి కూర్చుండుడు. ఈ యేడు పంచాయతీకి వచ్చినదెంత, వెచ్చించినదెంత యని అడుగుడు. సర్పంచి స్త్రీయైనచో ప్రశ్న ఆమెనే అడుగుడు. ఆమె బదులు చెప్పువఱకు ప్రక్కవారి జవాబు నంగీకరింపకుడు. చివరి వీథికి, గూడెమునకు కుళాయి వచ్చినదా యని అడుగుడు. మొదటి సభలో నవ్వుదురు. రెండవ సభలో విసుగుకొందురు. మూడవ సభకు లెక్క వ్రాసికొని వత్తురు.

పుట్టినింటివారు ప్రేమతో ఇచ్చిన పసుపుకుంకుమలను కన్నుల కద్దుకొందము. వాటాను మాత్రము లెక్క చూచి తీసికొందము.